నోటీసు ఇస్తే నోటు గడువు పెరుగుతుందా?

ప్రశ్న: మా ఆడపడుచు భర్తకు 3 లక్షలు అప్పుగా ఇచ్చి ప్రామిసరీ నోటు రాయించుకున్నాను. ఇంకో రెండు నెలల్లో మూడేళ్లు నిండుతాయి. అడిగిన ప్రతిసారీ పంట చేతికి రానీ అంటున్నారు. మొన్న సంక్రాంతికి 10 వేలు ఇస్తే నోటు వెనకాల నేనే రాసి పెట్టుకున్నాను. లాయర్ నోటీసు పంపితే గడువు పెరుగుతుందని మా తమ్ముడు అంటున్నాడు, కోర్టుకెక్కితే చుట్టరికం చెడుతుందని మావారి టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ తమ్ముడికి చెప్పండి, నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఒక్కరోజు కూడా పెరగదు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, అంతే. ఇక ఆ 10 వేల సంగతి. చెల్లు, అంటే ఇంత ముట్టిందని నోటు వెనకాల రాసే రాత, మీరు రాసుకుంటే పనికిరాదమ్మా, డబ్బు కట్టినాయన చేతిరాతో సంతకమో ఉండాలి. అది ఉంటే ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. కాబట్టి ఈ రెండు నెలల్లోనే ఒకసారి ఇంటికి పిలిచి, "అన్నయ్యగారూ, కోర్టుల దాకా ఎందుకు, ఓ వెయ్యి ఇచ్చి మీ చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టండి" అని అడిగి చూడండి. కొత్త నోటు రాసిచ్చినా మంచిదే, రెవెన్యూ స్టాంపు మాత్రం మరిచిపోకండి. గడువు దాటాక రాయించుకున్న చెల్లుతో లాభం లేదు.

దానికీ ఒప్పుకోకపోతే ఇక ఆగొద్దు, దావా వేసేయండి. ఆయన ఉండే ఊరు ఏ సివిల్ కోర్టు కిందికి వస్తే అక్కడ వేయొచ్చు. ఖర్చు గురించి భయపడుతున్నారేమో, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల చట్టం కింద ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా సంస్థ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. చుట్టరికం అంటారా, దావా వేశాక కూడా లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు. అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. నన్నడిగితే, గడువు దాటి చేతిలో ఉత్త కాగితం మిగిలాక వచ్చే మనస్పర్థలే ఎక్కువ.

ఈలోపు పెద్దమనుషుల్లో పెడతామంటే పెట్టండి, కానీ అసలు నోటు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. జిరాక్సు చాలు.