విస్తరి ముందే వేసుకుంటాను, ఎవరేమనుకున్నా

పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో ఇన్సులిన్ ఎక్కడ వేసుకుంటారు, నలుగురిలో వేసుకుంటే బాగుంటుందా అని అడిగారు. బాగానే ఉంటుంది. నేనైతే విస్తరి ముందు కూర్చునే వేసుకుంటాను. మాది విజయవాడ సత్యనారాయణపురం, చుట్టాలంతా గుంటూరు, తెనాలి వైపు. నేను పొట్టలో సూది గుచ్చుకోవడం చూడని బంధువంటూ ఇంక ఎవరూ మిగల్లేదు.

చీర కట్టుకునేవాళ్ళకి ఈ పని మగవాళ్ళకన్నా సులువు. పైట కాస్త జరిపితే చాలు. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేసి, పొద్దున కుడివైపు వేసుకుంటే రాత్రికి ఎడమవైపు. నాది త్వరగా పనిచేసే మందూ, నిదానంగా పనిచేసే మందూ కలిపిన రకం కాబట్టి ముందు ఇన్సులిన్ పెన్నుని అరచేతుల మధ్య తెల్లగా అయ్యేదాకా దొర్లిస్తాను. గిలక్కొట్టకూడదు. రెండు యూనిట్లు గాల్లోకి వదిలి, సూది కొసన చుక్క కనబడ్డాక డోసు తిప్పుకుంటాను. 4 మిల్లీమీటర్ల సూది, నిటారుగా గుచ్చి, నొక్కి, మనసులో పది లెక్కపెట్టి తీస్తాను. పప్పు వడ్డించే కుర్రాడు వరసలో నా దాకా వచ్చేలోపు అయిపోతుంది. దీనికోసం లేచి, చెప్పులు వెతుక్కుని, ఆ కల్యాణ మండపం బాత్రూంలోకి వెళ్ళమంటారా? ఆ బాత్రూములు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు.

అరండల్‌పేటలో ఓ పెళ్ళి జరిగింది, మే నెల. మా చినమామయ్యగారిది సిరంజితో వేసుకునే సీసా ఇన్సులిన్, 30/70 అనే పాతరకం కలిపిన మందు. అది తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. నాది కొత్తరకం, సరిగ్గా తినబోయే ముందు వేసుకోవచ్చు. (మీది ఏ రకమో డాక్టర్ని ఇవాళే అడగండి, ఈ తేడా తెలియకుండా పెళ్ళికి వెళ్ళకండి.) ఆడపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన "పది నిమిషాల్లో బంతి వేసేస్తాం బాబాయ్" అన్నాడు. పాపం ఆయన నమ్మారు. బాత్రూంలోకి వెళ్ళి, గొళ్ళెం పెట్టుకుని, వేసుకుని వచ్చి కూర్చున్నారు.

తలంబ్రాలు మొదలయ్యాయి. ఫోటోగ్రాఫర్ "మళ్ళీ ఒకసారి పొయ్యండి, ఇటు చూసి" అంటాడు. అయిపోయాయనుకుంటే డ్రోన్ కుర్రాడు బ్యాటరీ మార్చుకోవాలంటాడు. పెళ్ళి పురోహితుడి చేతిలోంచి జారిపోయి చాలా కాలమైంది, ఆయన కూడా మంత్రం ఆపి కెమెరా వంక చూస్తున్నాడు. ముహూర్తం నిక్కచ్చిగా చూసేవాళ్ళు భోజనం టైము ఎందుకు చూడరో నాకర్థం కాదు.

చినమామయ్యగారి చొక్కా వీపంతా తడిసిపోయింది. మే నెలలో గుంటూరు, అందరి చొక్కాలూ తడిసే ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన నన్ను మా తోటికోడలి పేరుతో పిలిచి, "పెళ్ళికొడుకేడమ్మా, ఇంకా రాలేదా" అన్నారు. పెళ్ళికొడుకు ఎదురుగా పీటల మీదున్నాడు. చెయ్యి పట్టుకు చూస్తే వణుకు. నా సంచిలో షుగర్ చూసే మిషన్ ఎప్పుడూ ఉంటుంది, వేలు గుచ్చి చూస్తే 52.

"పంచదార తెండి, షుగర్ పడిపోయింది" అని అరిచాను. మా ఆడపడుచు నా మీదకొచ్చింది. "షుగరున్నాయనకి పంచదారేంటి వదినా, చంపేస్తావా?" ఒకాయన మజ్జిగ అన్నాడు. ఇంకొకావిడ బూరె పట్టుకొచ్చింది. బూరెలో నెయ్యీ పప్పూ ఉంటాయి, ఆ తీపి రక్తంలోకి దిగేసరికి పుణ్యకాలం దాటిపోతుంది. చాక్లెట్టూ అంతే. అప్పుడు కావాల్సింది ఉత్త పంచదార, మూడు చెంచాలు, గ్లాసుడు నీళ్ళలో. వంటవాళ్ళలో ఒకాయన ఎవరితోనూ వాదించకుండా గ్లాసు కలిపి తెచ్చిచ్చాడు. వాళ్ళమ్మకీ ఇన్సులినేనట. 15 నిమిషాలాగి మళ్ళీ చూస్తే 70 దాటింది, వెంటనే అక్కడే కుర్చీలో పులిహోర పెట్టించాను. అదృష్టం, ఆయన స్పృహలో ఉండి మింగగలిగారు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. 108కి చెయ్యాలి.

నాకు కోపమొచ్చింది పంచదార వద్దన్నందుకు కాదు. ఆయన ఇన్సులిన్ వేసుకుంటున్నారని ఆ హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పక్క కుర్చీలో ఉన్న సొంత మేనల్లుడికి కూడా తెలియదు. ఎందుకు దాచారంటే మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. "ఇన్సులిన్ దాకా వెళ్ళిందంటే ఆఖరి దశ" అంటారని భయం. ఏం ఆఖరి దశ? 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఈ మందు ఎక్కించింది పద్నాలుగేళ్ళ కుర్రాడికి. అంతకుముందు అలాంటి పిల్లలకి వైద్యమంటే కడుపు మాడ్చి నాలుగు రోజులు ఎక్కువ బతికించడమే. ఇది బతికించడానికొచ్చిన మందు, దీన్ని పట్టుకుని పాడె సామానులా చూస్తారు.

ఆ సాయంత్రం ఆయన చొక్కా ఎత్తి చూపించారు, బొడ్డు పక్కన మెత్తగా గడ్డ. బాత్రూంలో నిలబడి హడావుడిగా, చేతికి అలవాటైన చోటే రోజూ గుచ్చడంవల్ల కొవ్వు పేరుకుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి మళ్ళీ అక్కడే గుచ్చబుద్ధవుతుంది. గడ్డలో వేసిన మందు ఒకరోజు సరిగ్గా ఎక్కదు, ఒకరోజు ఒక్కసారిగా ఎక్కుతుంది. నన్నడిగితే మన జిల్లాల్లో షుగర్ కంట్రోల్లో లేకపోవడానికి అన్నం కంటే సిగ్గే పెద్ద కారణం. డాక్టర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే పోనీండి.

కాకరకాయ రసం తాగి ఇన్సులిన్ మానేశానని చెప్పేవాళ్ళు ప్రతి బంతిలోనూ ఒకరుంటారు. నవ్వి, "పెరుగు వేయించుకోండి" అని మాట మార్చేయండి.

సీసా వాడేవాళ్ళకి ఒక మాట. మన దగ్గర సీసాలు ఎక్కువగా 40 రకం, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. 100 రకానికి నారింజ రంగు మూత. 100 మందుని ఎర్ర మూత సిరంజిలో అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. మందుల షాపులో కుర్రాడు ఏది చేతిలో పెడితే అది జేబులో వేసుకు రాకండి, మూత రంగు, సీసా మీద అంకె రెండూ చూడండి.

ప్రయాణమంటారా, విజయవాడ నుంచి గుంటూరెంత, గంట కదా అని బస్సెక్కేముందు వేసుకుంటే వారధి మీద ఒకసారి, కాజ టోల్‌గేట్ దగ్గర ఒకసారి దేవుడు గుర్తొస్తాడు. కంచం కనబడ్డాకే వేసుకుంటాను. రైల్లో అయితే ఎదుటి సీటావిడకి "ఇన్సులిన్ వేసుకుంటున్నానండీ" అని ముందే చెప్తాను. చాలాసార్లు ఆవిడ సంచిలోంచీ ఒక పెన్ను బయటికొస్తుంది. వాడుతున్న పెన్నుకి మామూలు రోజుల్లో ఫ్రిజ్ అక్కర్లేదు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు, రోహిణి కార్తెలో మన ఇళ్ళు 30 డిగ్రీల్లో ఉంటాయా? కరెంటు పోతే నేను చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, తడి ఇసక పోసిన కుండలో ఉంచుతాను. ఐసు ముక్కలకి ఆనించొద్దు, గడ్డకడితే ఆ మందు పనికిరాదు.

వాడేసిన సూదులు మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. విడిగా చెత్తలో పారేస్తే చెత్తబండి వాళ్ళ చేతులకి దిగబడతాయి. సీసా నిండాక బండివాళ్ళకిస్తూ లోపల సూదులున్నాయని నోటితో చెప్పండి.