టెక్ సందేహాలు: తెరవకముందే చెల్లిపోతున్న లింకు

ప్రశ్న: మా వెబ్‌సైటుకు పీహెచ్‌పీలో నేనే కోడ్ రాశాను. పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి ఈమెయిల్‌లో రీసెట్ లింకు పంపుతున్నాం. ఆఫీసు మెయిల్ వాడే కొందరికి మొదటిసారి నొక్కినా ‘ఈ లింకును ఇప్పటికే వాడారు’ అని వస్తోంది. కోడ్ జతచేశాను. తప్పెక్కడ?

జవాబు: మీ సభ్యుల కంటే ముందే ఆ లింకును వేరొకరు తెరుస్తున్నారు. దొంగలు కారు, కాపలావాళ్లే. చాలా సంస్థల్లో మెయిల్‌ను తనిఖీ చేసే భద్రతా సాఫ్ట్‌వేర్, లోపలి లింకులను ముందుగా తానే తెరిచి మోసపు పేజీలేమో చూస్తుంది. మీ కోడేమో లింకు తెరుచుకోగానే టోకెన్‌ను, అంటే లింకులో ఉండే రహస్య సంకేతాన్ని, వాడినట్టు డేటాబేసులో గుర్తు పెడుతోంది. ఇక అసలు మనిషి వచ్చేసరికి మిగిలేదేముంది? సర్వర్ లాగ్ (సర్వర్‌కు వచ్చిన రిక్వెస్టుల చిట్టా) తిరగేయండి. మెయిల్ వెళ్లిన కొద్ది సెకన్లకే, మీ సభ్యుడిది కాని ఐపీ అడ్రసు నుంచి అదే టోకెన్‌తో గెట్ రిక్వెస్టు (పేజీ చూపమని అడిగేది) కనిపిస్తే అనుమానం తీరినట్టే.

లింకు తెరిచినప్పుడు కొత్త పాస్‌వర్డ్ ఫారం మాత్రం చూపండి. ఫారం నింపి పంపాక, పోస్ట్ రిక్వెస్టులో (నింపిన వివరాలను సర్వర్‌కు పంపేది) పాస్‌వర్డ్ మారినప్పుడే టోకెన్ రద్దు కావాలి.

నిజానికి మీ కోడ్‌లో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఇది కాదు. ఈమెయిల్‌కు అప్పటి సమయం కలిపి, ఎండీ5 అనే హ్యాష్ (ఇచ్చినదాన్ని స్థిరమైన పొడవున్న సంకేతంగా మార్చే లెక్క) చేసి టోకెన్ తయారుచేస్తున్నారు. ఈమెయిల్ తెలిసినవాడు, రీసెట్ తానే అడిగినవాడు, ఆ సెకను ఊహించలేడా? పీహెచ్‌పీ 7 నుంచి, ఊహకందని యాదృచ్ఛిక బైట్లిచ్చే ‘ర్యాండమ్_బైట్స్’ ఫంక్షన్ ఉంది. 32 బైట్లు తీసుకుని హెక్స్‌లోకి (0-9 అంకెలు, a-f అక్షరాల్లోకి) మారిస్తే 64 అక్షరాల టోకెన్ వస్తుంది. అది మెయిల్‌లో వెళ్లాలి, డేటాబేసులో దాని షా-256 హ్యాష్ మాత్రమే ఉండాలి. గడువు గంట చాలు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో ముందే పెట్టి ఉంచిన గడువు కూడా 60 నిమిషాలే.

‘ఈ ఈమెయిల్ మా దగ్గర లేదు’ అనే సందేశం తీసేయండి, ఎవరెవరికి ఖాతా ఉందో ఊరికే చెప్పినట్టవుతుంది. ఖాతా ఉన్నా లేకున్నా ఒకే జవాబు రావాలి.

ప్రశ్న: మా సైటు పంపే నోటిఫికేషన్లు స్పామ్‌లోకి పోతున్నాయి. సంప్రదింపు ఫారం నుంచి వచ్చేవి మరీనూ!

జవాబు: ఫారం నింపిన వ్యక్తి అడ్రసునే ‘ఫ్రం’లో పెడుతున్నారేమో చూడండి. ఆయన పేరుతో ఉత్తరం మీ సర్వర్ నుంచి వస్తే ఎవరు నమ్ముతారు? ‘ఫ్రం’లో మీ డొమైన్ అడ్రసు, ‘రిప్లై-టు’లో ఆయనది ఉండాలి. తర్వాత డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ వివరాలుండే చోట) ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ రికార్డులు పెట్టండి, మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనా అని అందుకునే సర్వర్లు వీటితోనే చూస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. మీరు పంపేవి పదే అయినా పెట్టుకోండి.