బీజింగ్, షియాన్ వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

దసరా సెలవుల్లో అత్తగారిని కూడా తీసుకుని చైనా వెళ్దామనుకుంటున్నట్టు రాశావు. ముందు ఆ తేదీలు మార్చండి. అక్టోబరు 1 వాళ్ల జాతీయ దినోత్సవం. ఆ వారమంతా ఊళ్లకు ఊళ్లు ప్రయాణాల్లో ఉంటాయి. చైనా గోడ మీద మనం నడవనక్కర్లేదు, జనమే నెట్టుకుపోతారు. మే 1 తర్వాతి నాలుగైదు రోజులూ, వాళ్ల కొత్త సంవత్సరం రోజులూ అంతే. సెప్టెంబరు మొదటి పక్షం గానీ అక్టోబరు మధ్య గానీ చూసుకోండి.

మన పాస్‌పోర్టుకు పర్యాటక వీసా తప్పదు. వీసా లేకుండా పది రోజులు తిరగొచ్చని వీడియోల్లో చెబుతున్నది ఇంకో దేశానికి పోతూ దారిలో ఆగేవాళ్లకు కొన్ని దేశాలవారికే ఇచ్చే 240 గంటల ట్రాన్సిట్ సదుపాయం గురించి. ఆ జాబితాలో మన దేశం లేదు. అమెరికా పౌరసత్వం ఉన్న మీ మరిదికి అది పనికొస్తుంది, కానీ అమెరికా నుంచి వచ్చి తిరిగి అమెరికాకే పోతానంటే కుదరదు. అక్కణ్నుంచి ఇండియాకో, ఇంకో దేశానికో టిక్కెట్టు చూపాలి.

అక్కడ పాస్‌పోర్టే టిక్కెట్టు. బీజింగ్ రాజప్రాసాదం, షియాన్ దగ్గరి మట్టి సైనికుల బొమ్మలు, రైలు, అన్నీ దాని నంబరు మీదే బుక్ అవుతాయి, గేటు దగ్గర అదే చూస్తారు. మనవాళ్లకు చిక్కు పేర్లతో వస్తుంది. అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉందా, పొడి అక్షరమా, అసలు ఆ గడి ఖాళీయా చూడు. ఎలా ఉంటే అలాగే, ప్రతిచోటా ఒకేలా నింపు. బుకింగ్ అయ్యాక పాస్‌పోర్టు రెన్యువల్ చేయిస్తే నంబరు మారిపోతుంది, పాత బుకింగులు చెల్లవు. జిరాక్సు చాలదు, అసలుదే రోజూ వెంట ఉండాలి.

డబ్బు సంగతి. యూపీఐ, రూపే నమ్ముకోవద్దు. వీసా లేదా మాస్టర్‌కార్డును ఇక్కడే అలీపే అనే వాళ్ల చెల్లింపుల యాప్‌కి కలుపుకో, బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చెయ్యి. ఓటీపీ ఇక్కడి నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్‌కు రోమింగ్ ఉండాలి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే అలీపే 3 శాతం తీసుకుంటుంది, చిన్న ఖర్చులకు ఏమీ ఉండదు. వీచాట్‌ను 2020లో మన దేశంలో నిషేధించారు, దాని మీద ఏ ఏర్పాటూ పెట్టుకోవద్దు. హోటల్ వైఫై మీద గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, మన సిమ్ రోమింగ్ డేటా మీద పనిచేస్తాయి. దారికి గూగుల్ మ్యాప్ కాదు, వాళ్ల మ్యాప్ యాప్ ఆమ్యాప్ (Amap) వాడండి.

బీజింగ్ రాజప్రాసాదం, అదే ఫర్బిడెన్ సిటీ, సోమవారం మూసి ఉంటుంది. టిక్కెట్లు ఏడు రోజుల ముందు అక్కడి టైము రాత్రి 8 గంటలకు విడుదలవుతాయి, అంటే మనకు సాయంత్రం 5:30. అలారం పెట్టుకుని కూర్చో. రద్దీ రోజులకు తొందరగా అయిపోతాయి, గేటు దగ్గర కొందామంటే కుదరదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు. ఖజానా గ్యాలరీకి ఇంకో 10, అది కూడా అప్పుడే తీసుకో. ఉదయం స్లాటే తీసుకో.

లోపలికి దక్షిణాన ఉన్న వూమెన్ ద్వారం నుంచే వెళ్లాలి. ఉత్తరాన షెన్‌వూమెన్ బయటికి పోవడానికే. తెలియనివాళ్లు ట్యాక్సీలో ఉత్తరానికి వెళ్లి, గోడ చుట్టూ నడిచి స్లాటు పోగొట్టుకుంటారు. తియానన్మెన్ చౌరస్తా గుండా వెళ్లాలంటే దానికి వేరే రిజర్వేషను, వేరే తనిఖీ క్యూ. చౌరస్తా చూడకపోయినా ఫరవాలేదనుకుంటే తూర్పున దోంగ్‌హువామెన్ వైపు దిగి, కందకం వెంట నడిచి వూమెన్ చేరండి.

లోపల ఉత్తర దక్షిణాలు 961 మీటర్లు. పక్క ప్రాంగణాలు కలిపితే మూడు నాలుగు కిలోమీటర్ల నడక, నీడ తక్కువ, రాతి పలకలు ఎగుడుదిగుడు. పెద్ద మండపాల లోపలికి పోనివ్వరు, గుమ్మం దగ్గర తొక్కిసలాట పడి సింహాసనం చూడటమే. నన్నడిగితే వాటిని బయటి నుంచి చూసేసి తూర్పున ఖజానా గ్యాలరీ వైపు తిరగండి. తొమ్మిది డ్రాగన్ల గోడ, చియెన్‌లాంగ్ చక్రవర్తి కట్టించుకున్న తోట అక్కడే ఉన్నాయి, జనమూ పలచబడతారు. అటునుంచి బయటపడితే ఉత్తర ద్వారం దగ్గరే తేలతారు. ఎదురుగా జింగ్‌షాన్ గుట్ట, టిక్కెట్టు మామూలు రోజుల్లో 2 యువాన్లు. ఆ పసుపు కప్పులన్నీ ఒక్కచూపులో కనబడేది అక్కణ్నుంచే. అత్తగారు కింద తోటలో కూర్చోవచ్చు. ఆ ద్వారం దగ్గర రిక్షావాళ్లు మూడు వేళ్లు చూపిస్తారు, దిగేటప్పుడు అది మూడొందలంటారు. ఎక్కొద్దు. ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకుంటున్నాం, టీ తాగుదాం రండి అని పిలిచే పిల్లలతోనూ పోవద్దు, బిల్లు వేలల్లో వస్తుంది.

చైనా గోడ చూడటానికి ముథియెన్‌యూ అనే చోటికి వెళ్లండి. గోడకే ఇంకో చోటైన బాదాలింగ్‌కు వేగవంతమైన రైలుంది నిజమే, జనమూ ఆ రైలంతా వస్తారు. ముథియెన్‌యూ 70 కిలోమీటర్ల పైచిలుకు. ముగ్గురున్నారు కాబట్టి హోటల్ ద్వారా కారు మాట్లాడుకోవడమే మేలు. బస్‌స్టాండుల్లో ఇవాళ బస్సు లేదని చెప్పేవాళ్లు కారు బేరానికి వచ్చినవాళ్లే. పైకి రెండు దారులు: కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దింపుతుంది, కుర్చీ లిఫ్టు 6వ బురుజు దగ్గర. ఈ రెండూ వేర్వేరు సంస్థలవి, ఒకదాని తిరుగు టిక్కెట్టు ఇంకోదానికి చెల్లదు. దిగేటప్పుడు జారుబండి బండి ఎక్కాలని నీకుంటే అది 6వ బురుజు దగ్గర. వానొస్తే ఆపేస్తారు, వయసు నిబంధనలూ ఉన్నాయి. అత్తగారి కోసం మూసిన పెట్టె ఉన్న కేబుల్ కారుకే రాను పోను టిక్కెట్టు తీసుకోండి. మెట్లు ఒకటి జానెడైతే ఇంకోటి మోకాలెత్తు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి, చేతికర్ర ఉంచండి.

షియాన్‌కు రైలే ఎక్కండి, బీజింగ్ వెస్ట్ నుంచి షియాన్ నార్త్‌కు సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు. టిక్కెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. రైల్వే యాప్‌లో పాస్‌పోర్టు ధ్రువీకరణకు టైము పడుతుంది, ఒక వారం ముందే చేసి ఉంచు. ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉండే గేటుకు వెళ్లాలి. గంట ముందు చేరండి. విమానమే అనుకుంటే, 2025 జూన్ చివరి నుంచి దేశీయ విమానాల్లో 3సీ అనే చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు లేని పవర్ బ్యాంకు తీసేసుకుంటున్నారు, ఇక్కడ కొన్నవాటి మీద సాధారణంగా అది ఉండదు.

మట్టి సైనికులు ఊరికి 40 కిలోమీటర్లు. తొమ్మిదో నంబరు మెట్రోలో హువాచింగ్‌చీ దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సు ఎక్కొచ్చు. స్టేషను బయట తగులుకునే కార్లు నకిలీ బొమ్మల షెడ్లకూ తీసుకెళ్తాయి. 120 యువాన్ల టిక్కెట్టు ముందే బుక్ చేసుకుని, తెరిచే సమయానికి అక్కడ ఉండి బొమ్మలు బయటపడ్డ తవ్వకాల్లో మొదటి గొయ్యికే వెళ్లండి. ముందు కటకటాల దగ్గర ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేయకుండా చివరిదాకా నడవండి, ముక్కలు అతికే చోటు అక్కడుంది. తవ్వి తీస్తే గాలి తగలగానే రంగు పొరలు రాలిపోతాయి, అందుకే ఇంకా చాలామందిని తవ్వలేదు. కంచు రథాలు వేరే మ్యూజియంలో ఉన్నాయి, ఉచిత బస్సు ఉంది, టిక్కెట్టూ అదే. గుంపులతో వచ్చేవాళ్లు చాలామంది దాన్ని వదిలేసి పోతారు.

సాయంత్రం షియాన్ కోటగోడ దక్షిణ ద్వారం దగ్గర ఎక్కండి. చుట్టూ దాదాపు 14 కిలోమీటర్లు, పైన సైకిళ్లు అద్దెకిస్తారు.

భోజనానికి, మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, మాంసం రసం వద్దని చైనా లిపిలో రాయించి ఫోనులో పెట్టుకో. శాకాహారం అంటే పైన మాంసం చల్లకపోవడమే అనుకుంటారు కొన్నిచోట్ల. మీ తమ్ముడి స్నేహితుడు, అక్కడ మెడికల్ చదివే అబ్బాయి గదిలో ఒక రాత్రి ఉన్నా 24 గంటల్లో అక్కడి పోలీసు స్టేషన్లో నమోదు చేయించుకోవాలి, హోటల్లో అయితే వాళ్లే చేస్తారు.

వీసా చేతికొచ్చాక తేదీలు రాయి, ఏ రోజు ఏది పెట్టాలో అప్పుడు చూద్దాం.

మీ పెదనాన్న