నోటు పుస్తకంలో లెక్కలు రాసుకునే భార్యకు విశ్వాసం లేదా?

ఉత్తరం: అమ్మా, నా వయసు 38. స్థిరమైన ఉద్యోగం ఉంది. ఇద్దరు ఆడపిల్లలు. పూర్తికాల సేవకు రమ్మని దేవుడు పిలుస్తున్నాడన్న భారం ఎంతోకాలంగా నా మనసులో ఉంది. ఈమధ్య ఉపవాస ప్రార్థనలో అది రూఢి అయింది. ఆ ఆదివారమే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, ఉద్యోగం వదిలేస్తున్నానని ప్రకటించాను. అందరూ దేవుణ్ణి స్తుతించారు. నా భార్య మాత్రం ఇంటికి వచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు రోజూ రాత్రి నేను మోకాళ్ల మీద ఉంటే, ఆమె పక్కనే కూర్చుని పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదా, మా అమ్మ మందులు అంటూ నోటు పుస్తకంలో లెక్కలు రాసుకుంటుంది. దేవుని పిలుపును లెక్కలతో కొలవకూడదని ఎంత చెప్పినా వినదు. అబ్రాహాము ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడు కదా! శారా అతణ్ణి యజమానుడని పిలిచి లోబడింది కదా! మనుషులకు కాదు, దేవునికే లోబడాలి కదా! ఆమెలో విశ్వాసం పుట్టాలంటే ఏ వాక్యాలు చూపించాలి? ఆమె ఒప్పుకునేదాకా ఆగితే అది దేవునికి అవిధేయత కాదా?

జవాబు: బాబూ, వాక్యాల జాబితా నేను పంపను. మీరు చూపించాలనుకుంటున్నవన్నీ ఆమె చదివే ఉంటుంది, మీ నోట వినే ఉంటుంది. రెండో ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెబుతాను: ఆగడం అవిధేయత కాదు. మీరు అడిగినవి ఈ రెండే. కానీ మీ ఉత్తరంలో నన్ను కలచివేసిన సంగతి వేరే ఉంది. మీరు దాన్ని రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్లిపోయారు.

మీరు ఉద్యోగం వదిలేస్తున్న సంగతి మీ భార్యకు సంఘంలో, అందరితోపాటు తెలిసింది.

ఆ ఆదివారం ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడండి. ఆడవాళ్ల వరుసలో పిల్లల్ని పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. మీరు లేచి నిలబడ్డారు. ఏదో స్వస్థత గురించో, తీరిన అవసరం గురించో సాక్ష్యం చెబుతారని అనుకుని ఉంటుంది. మీ నోటి నుంచి వచ్చింది ఆమె వచ్చే నెల బతుకు, పిల్లల చదువు, ఇంటి కప్పు. చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులెత్తి స్తోత్రం అంటుంటే ఆమె ముఖం ఎలా పెట్టుకోవాలి? ఏడిస్తే అవిశ్వాసి, నవ్వితే అబద్ధం. ఇంటికి వచ్చాక ఆమె రెండు రోజులు మౌనంగా ఉందని ఫిర్యాదు చేస్తున్నారు. నేనైతే ఆమె మూడో రోజు మాట్లాడినందుకే ఆమెను గౌరవిస్తాను.

దేవుడు మనిషి లెక్కకు అందనిది ఎన్నడూ అడగడని నేను అనను. అలా అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. రాత్రంతా శ్రమపడి ఏమీ దొరకని పేతురును మళ్లీ వల వేయమన్నాడు ప్రభువు. చేపల సంగతి పేతురుకు తెలిసినంతగా ఆ ఒడ్డున ఎవరికీ తెలియదు. అయినా నీ మాట చొప్పున వేస్తానన్నాడు, వేశాడు. యెరికో పట్టణాన్ని గెలవడానికి దాని గోడల చుట్టూ 7 రోజులు నడవమనడంలో ఏ సేనాధిపతికీ అర్థమయ్యే యుద్ధనీతి లేదు. నా బుద్ధికి ఎక్కలేదు కాబట్టి ఇది దేవునిది కాదు అని కొట్టిపారేసేవాడు జీవితంలో చాలా పోగొట్టుకుంటాడు. మీ పిలుపు నిజం కావచ్చు. దాన్ని కాదనే హక్కు నాకు లేదు.

అయితే ఆ కథల్లో ఒక సంగతి గమనించండి. నిద్రలేని రాత్రి తర్వాత మళ్లీ వల మోసింది పేతురే. ఎండలో గోడల చుట్టూ తిరిగినవాళ్లవి తమ కాళ్లే. విధేయత ఖరీదును విధేయుడే కట్టాడు. మీ విధేయతకు ఖరీదు కట్టేవాళ్లలో మీ భార్య ఉంది, పిల్లలు ఉన్నారు, మీ అమ్మగారు ఉన్నారు. కట్టవలసిన వాళ్లను అడగకుండా మీరు మాట ఇచ్చేశారు.

మీరు అబ్రాహామును తెచ్చారు కాబట్టి ఆయన దగ్గరికే వెళ్దాం. తెలియని దేశానికి ఆయన బయలుదేరినప్పుడు 75 ఏళ్లు. ఆదికాండం 12వ అధ్యాయం మొదట్లో ఉంది ఆ మహా విశ్వాసం. అదే అధ్యాయం చివరిదాకా చదివారా? కరువు వచ్చింది, ఐగుప్తుకు వెళ్లారు. అక్కడ భార్య అందాన్ని చూసి తనను చంపుతారన్న భయంతో, నువ్వు నా చెల్లెలివని చెప్పమని శారాను అడిగాడు. ఆమెను ఫరో ఇంటికి తీసుకుపోయారు. దేశాన్ని, తండ్రి ఇంటిని వదలడానికి దేవుణ్ణి నమ్మిన మనిషి, తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికి భార్యను అడ్డుపెట్టాడు. అప్పుడు దేవుడు ఎవరి పక్షాన నిలిచాడు? శారాను బట్టి ఫరో ఇంటివారిని మహావేదనలతో బాధించి, ఆమెను విడిపించాడు. 20వ అధ్యాయంలో గెరారు రాజు దగ్గర మళ్లీ అదే జరిగింది, మళ్లీ దేవుడే ఆమెను కాపాడాడు. విశ్వాసులకు తండ్రి అని మనం పిలిచే మనిషి విశ్వాసానికి పగులు పడిన చోటు అతని కాపురమే. లేఖనం దాన్ని దాచిపెట్టలేదు.

21వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. అది మన ప్రసంగాల్లో ఎందుకో పెద్దగా వినిపించదు. అబ్రాహాముకు కొడుకును కన్న దాసి హాగరును, ఆ కొడుకును పంపివేయమని శారా అడిగినప్పుడు అబ్రాహాముకు అది చాలా దుఃఖం కలిగించింది. అప్పుడు దేవుడే ఆయనతో, శారా నీతో చెప్పే ప్రతి మాట విను అన్నాడు. ఇస్సాకును బలి ఇవ్వమని దేవుడు అడిగిన మోరియా కొండ కథ వచ్చేది దాని తర్వాతి అధ్యాయంలోనే. శారా లోబడిన సంగతి మీరు పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం, 6వ వచనం నుంచి తీశారు. 7వ వచనం భర్తలకు రాసింది. జ్ఞానంతో కాపురం చేయమని, జీవమనే కృపావరంలో భార్య మీతో సమాన వారసురాలని గుర్తించి సన్మానించమని, లేకపోతే మీ ప్రార్థనలకు ఆటంకం వస్తుందని అక్కడుంది. మీ మోకాళ్ల ప్రార్థన గురించి పేతురు చెప్పిన షరతు అది. ఒక వచనం ముందే ఆగిపోయారు మీరు.

ఇస్సాకు సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. తండ్రి విధేయతకు కొడుకు ప్రాణం కదా పణంగా నిలిచింది! నిజమే. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది, దాన్ని తేలిక చేసి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంతమాత్రం తెలుసు. ఆ స్వరం ఆయనకు కొత్తది కాదు. 75 ఏళ్ల వయసులో విన్న వాగ్దానం 100 ఏళ్ల వయసులో ఇస్సాకు రూపంలో చేతికి వచ్చింది. మధ్యలో తన తెలివితో దాన్ని తొందరపెట్టబోయి, హాగరు ద్వారా కొడుకును కని, ఇంట్లో కన్నీళ్లకు కారణమయ్యాడు. పాతికేళ్లు తప్పుతూ, దిద్దుకుంటూ నేర్చుకున్న స్వరం అది. పైగా ఆయన బుద్ధిని మూసేసుకుని కొండ ఎక్కలేదు. మృతులను సైతం లేపడానికి దేవుడు సమర్థుడని ఆయన తలపోశాడని హెబ్రీయుల పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. ఇస్సాకు ద్వారానే సంతానం అని మాట ఇచ్చినవాడు ఆ మాట తప్పడు, కాబట్టి ఇస్సాకు నాకు తిరిగి దక్కాలి. ఇది ఆలోచన కాక మరేమిటి? కత్తి ఎత్తిన చేతిని ఆపింది కూడా ఆ దేవుడే.

మీ ఇంట్లో మీరు విశ్వాసాన్నంతా మీ వాటాగా తీసుకుని, లోకజ్ఞానాన్ని ఆమె వాటాకు వేశారు. ఇది దేవునికీ మనిషి బుద్ధికీ మధ్య పోరాటమని నాకు రాశారు. నాకు కనిపిస్తున్నది ఒక భర్త, అతని మాటల్లో చోటు దొరకని ఒక భార్య. మీ ఉత్తరమంతా వెతికాను. మీ భార్య అన్న మాట ఒక్కటి కూడా అందులో లేదు. సంఘం ఏమన్నదో ఉంది, మీకు ఏమనిపించిందో ఉంది. ఆమె దేనికి భయపడుతున్నదో, ప్రార్థనలో ఆమెకు ఏమి వినిపిస్తున్నదో మీరు అడిగినట్టు లేదు.

న్యాయాధిపతుల గ్రంథంలో 13వ అధ్యాయం మీ ఇద్దరూ కలిసి చదవండి. మానోహ భార్య పొలంలో ఒంటరిగా ఉండగా దేవదూత ప్రత్యక్షమైతే, ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లి మొదట భర్తకు చెప్పింది. ఊరికి చెప్పలేదు. చివర్లో, దేవుణ్ణి చూశాం కాబట్టి చచ్చిపోతామని మానోహ వణికిపోయాడు. అప్పుడు ఆమె అన్నది చూడండి: మనల్ని చంపాలనే ఉంటే యెహోవా మన దహనబలిని అంగీకరించేవాడా, ఈ సంగతులు మనకు చూపించేవాడా? ఒక్క దర్శనం ఎత్తకుండా, చేతిలో ఉన్న నిజాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి భర్త భయం తీర్చింది. ఆ ఇంట్లో విశ్వాసం ఆమె బుద్ధిలోంచి మాట్లాడింది. కుష్ఠు పోవాలంటే యోర్దాను నదిలో మునగమని ప్రవక్త చెబితే, మునగనని కోపంతో వెళ్లిపోతున్న సిరియా సేనాధిపతి నయమాను కథ కూడా అంతే. దమస్కు నదులు ఇంతకన్నా మంచివి కావా అని అలిగినవాణ్ణి వెనక్కి తిప్పినవాళ్లు అతని దాసులు. ప్రవక్త ఏదైనా గొప్ప పని చెబితే చేసేవాడివి కావా, కడుక్కో అన్నంత మాత్రాన చేయలేవా అని నిదానంగా వాదించారు. పక్కనున్నవాళ్ల ఆలోచన లేకపోతే ఆ సేనాధిపతి కుష్ఠుతోనే ఇంటికి పోయేవాడు.

మరియ గర్భవతి అని తెలిసినప్పుడు, ఆమెను పెళ్లాడవలసిన యోసేపు ఆమెను రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు. నీకు విశ్వాసం లేదని దేవుడు అతణ్ణి గద్దించలేదు. కలలో దూతను పంపి అతనితో నేరుగా మాట్లాడాడు. భాగం పంచుకోవలసిన మనిషికి తన వంతు మాట ఇవ్వడం దేవుడు ఎరుగును. మీ భార్యతో ఆయన ఏమి మాట్లాడతాడో వినడానికి మీరు చోటివ్వాలి.

ఇక ఆ నోటు పుస్తకం. అందులో ఆమె మీ అమ్మగారి మందులు రాసింది. మీ అమ్మగారివి. మీరు దాన్ని అవిశ్వాసం అంటున్నారు. తల్లిదండ్రులకు చేయవలసినదాన్ని కొర్బాను అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లతో ప్రభువు ఎంత కఠినంగా మాట్లాడాడో మార్కు 7వ అధ్యాయంలో ఉంది. తన ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. గోపురం కట్టేవాడు మొదట కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగినవాడు కూడా మన ప్రభువే, అదీ తనను వెంబడించడం గురించి చెబుతూనే. ఆ మాట ప్రకారం కూర్చున్న మనిషి మీ ఇంట్లో ఉంది. ఇలాంటి ఇళ్లలోని ఆడవాళ్ల ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఆకలిని తట్టుకున్నామంటారు, అప్పులవాళ్లను తట్టుకున్నామంటారు. నీకు విశ్వాసం లేదు అని భర్త అన్న మాటను మాత్రం ఏళ్లు గడిచినా మరచిపోలేకపోతున్నామంటారు. ఆ మాట మళ్లీ మీ నోట రాకూడదు.

ఈ రాత్రి ప్రార్థనకు ముందు ఆమె పక్కన కూర్చోండి. నీకు చెప్పకుండా నీ జీవితం గురించి పదిమందిలో ప్రకటించాను, తప్పు చేశాను అనండి. ఆ మాట వెనక “కానీ” తగిలించకండి. తర్వాత ఆ పుస్తకం అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచి చదవండి. ప్రతి పద్దుకూ మీ జీతం ఆగిపోతే ఏమిటి దారి అని ఆమెను అడిగి, ఆమె చెబుతున్నంతసేపూ వినండి. మధ్యలో వాక్యం ఎత్తవద్దు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యేదాకా ఆగుదామంటుందో, అప్పు తీరనిమ్మంటుందో, సెలవు రోజుల్లో సేవ మొదలుపెట్టమంటుందో నాకు తెలియదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టుకుంటూనే ప్రతి విశ్రాంతి దినాన సువార్త చెప్పాడు. చేతిలో పని ఉన్నందువల్ల ఆయన పిలుపు చిన్నదైపోలేదు. నిజంగా దేవునిదే అయిన పిలుపు ఏడాది ఆగితే చెడిపోయేది కాదు. ఆ ఏడాదిలో ఆమె మీతో ఏకమనసు అయితే, మీరు చేయబోయే సేవలో సగం బలం ఆమెదే అవుతుంది.

మనుషులకు కాదు దేవునికే లోబడాలన్న మాట కూడా ఎత్తారు. అపొస్తలులు ఆ మాట అన్నది తమను చెరసాలలో వేయించిన యూదుల మహాసభ ముందు. పిల్లల ఫీజు ఎలా కడదామని అడిగే భార్య ముందు దాన్ని ప్రయోగించకండి.

రాజీనామా ఇప్పుడప్పుడే ఇవ్వవద్దు. సంఘంలో ప్రకటించాను కదా, పరువు పోతుందన్న దిగులు మీకు ఉండవచ్చు. పోతే పోనివ్వండి, ఆ భారం మీరే మోయాలి. ఎప్పుడు మానేస్తున్నారని పాస్టరుగారు అడిగితే, భార్యతో ముందే మాట్లాడకుండా తొందరపడ్డాను, ఇప్పుడు ఇద్దరం కలిసి ఆలోచిస్తున్నాం అని చెప్పండి. ఆయన మంచి కాపరి అయితే ఆ మాటకు సంతోషిస్తారు. సంతోషించకపోతే, ఎవరి కింద సేవ మొదలుపెట్టబోతున్నారో ఉద్యోగం చేతిలో ఉండగానే మీకు తెలుస్తుంది.