బిడ్డా, కాల్వ కట్ట మీద బండి వెనక్కి తీయకు

బిడ్డా,

వచ్చే వారం నల్గొండ నుంచి సముద్రం దాకా కారులో పోయి వస్తావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వే నడుపుతావట, తోడుగా ఇద్దరు స్నేహితురాళ్లట, మగదిక్కు ఎవరూ లేరట. ఆ ఆఖరి మాట మీ అమ్మ రెండుసార్లు అన్నది. నాకు ఆ బెంగ లేదు. బతుకంతా లారీ మీద వెళ్లదీసినవాణ్ణి. స్టీరింగు ఆడ చేతిలో ఉన్నదా మగ చేతిలో ఉన్నదా అని చూడను, ఆ చెయ్యి తొందరపడుతదా లేదా అనే చూస్తా. మన ఇంట్లో ఆడపిల్ల బండి తోలుకుంటూ జిల్లా దాటడం ఇదే మొదలు. వినగానే మస్తు సంబరమైంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ నాయన వద్దంటున్నాడని నువ్వు అలిగి మాట్లాడుతలేవట. ఆయన ఎందుకు వద్దంటున్నాడో కింద రాస్తా. ముందు తొవ్వ సంగతి.

బండి సర్వీసింగు, టైర్లలో గాలి, కాగితాలు, ఫాస్టాగ్‌లో డబ్బులు, ఇవన్నీ నీకు తెలిసినవే. చూసుకో.

మబ్బులనే లేచి బయలుదేరు, కానీ ఒక మాట గుర్తుపెట్టుకో. మిర్యాలగూడ దాటి వాడపల్లి వైపు పోతుంటే బండి మూతి ఆగ్నేయానికి ఉంటది. ఈ చలికాలం పొద్దు సరిగ్గా అటే పొడుస్తది. ఎండ అద్దం మీద పడితే ఎదురుగా వచ్చే సైకిలు కూడా కానరాదు. దామరచర్ల దాటినంక సిమెంటు లారీలు, టిప్పర్లు వరుసగా వస్తుంటయి, వాటి దుమ్ము అద్దానికి పట్టి ఉంటే ఇంకా అన్యాయం. కాబట్టి మిర్యాలగూడలోనే ఆగి చాయ తాగి, లోపలా బయటా అద్దం శుభ్రంగా తుడుచుకొని, పొద్దు జానెడు పైకెక్కినంక కదులు. అరగంట పోతే పోయింది.

వాడపల్లిలో తప్పకుండా దిగు. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. పుష్కరాలప్పుడు మీ నానమ్మను అక్కడికి తీసుకుపోయి మునిగించినం. మోకాళ్లు వంగేవి కావు ఆమెకు. చిన్నప్పటి నుంచి బోరునీళ్లు, బావినీళ్లు తాగిన ఒళ్లు, ఫ్లోరైడు ఎముకల్లోకి దిగింది. ఘాటు మెట్ల మీద కూచోబెట్టి చెంబుతో పోస్తుంటే, "ఈ నీళ్లు మన ఊరికి ఎన్నడొస్తయిరా" అని అడిగింది. తర్వాత వచ్చినయి, ఆమె పోయినంక. నువ్వు పోయేది ఆ కృష్ణ వెంబడే అనుకో. మక్తల్ పక్కన మన రాష్ట్రంలోకి వచ్చి, బీచుపల్లి, సోమశిల, శ్రీశైలం, సాగర్ దాటి వాడపల్లికి వచ్చే నీళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తయి. ఆ రెండు చోట్లా ఒక్కో చెంబు నీళ్లు నెత్తిన పోసుకో, నానమ్మ పేరు చెప్పి.

వంతెన దాటితే పల్నాడు. దాచేపల్లి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాల, ఆఖరుకు వాడరేవు. తొవ్వ తప్పేదేమీ లేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర అద్దాలు ఎక్కించుకోండి.

ఒక్కటి ముందే చెప్తా, అక్కడికి పోయి నిరాశపడకు. రోడ్డు సముద్రం పక్కనే సాగుతదని అనుకుంటున్నావేమో. ఒంగోలు నుంచి చీరాల, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ, మచిలీపట్నం మీదుగా కాకినాడ దాటి కత్తిపూడి దాకా పోయే 216 నంబరు రోడ్డు పేరుకే కోస్తా రోడ్డు. సముద్రం దానికి చాలా చోట్ల మైళ్ల దూరంలో ఉంటది. నడుమ సరుగుడు తోటలు, తాటిచెట్లు, రొయ్యల చెరువులు, వరి పొలాలు. ఒక్కో రేవుకు ప్రత్యేకంగా దిగి, చూసి, మళ్లీ రోడ్డెక్కాలి. వాడరేవు చీరాల నుంచి దగ్గర. సూర్యలంకకు బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. హంసలదీవికైతే అవనిగడ్డ దిగి చాలా లోపలికి పోవాలి. రోజుకు ఒకటో రెండో రేవులు పెట్టుకో, అంతకంటే ఎక్కువ వద్దు. పొద్దున సముద్రం మీద సూర్యుణ్ణి చూడు, పగలు నడుపు, పొద్దుగూకకముందే దిగే ఊళ్లో ఉండు. ఈ రోజుల్లో ఆరు దాటితే చీకటే.

మొదటి రాత్రి చీరాల. వీలైతే మర్నాడు వేటపాలెం పోయి సారస్వత నికేతనం చూడు. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ వచ్చి భవనానికి పునాదిరాయి వేసిండు. చదువుకున్న పిల్లవు, నీకు నచ్చుతది. జీడిపప్పు కూడా అక్కడే కొను. చీరాలలో మగ్గం చప్పుడు వినబడితే ఆగి చూడు. మన పుట్టపాక వాళ్లు నేసే తేలియా రుమాలు ఒకప్పుడు చీరాలదే. నూలును నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టే ఆ పని అక్కడి నుంచే ఇటు వచ్చింది. రెండో రాత్రి రేపల్లె. మూడో పొద్దు పెనుమూడి వంతెన మీద కృష్ణను దాటితే దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా పోయిన నేల అది. అప్పుడు నేను పిల్లగాణ్ణి. మా బడి పంతులు పాత బట్టలు పోగు చేయిస్తే మా అమ్మ తన రెండు చీరల్లో ఒకటి ఇచ్చింది. తుపాన్ల కాలం దాటింది కాబట్టి నీకు ఆ భయం లేదు. అయినా బయలుదేరే ముందు రోజు వాతావరణం వార్తలు చూసుకో.

సముద్రంలో దిగేటప్పుడు పైలం. మనం బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినోళ్లం. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగుతదని మనకు తెలియదు. మోకాళ్ల లోతు దాటకండి. నలుగురు స్నానం చేసే చోటే దిగండి. అక్కడి చేపలు పట్టేవాళ్లను అడిగితే ఎక్కడ గుంట ఉన్నదో చెప్తరు. లాగేసిందనిపిస్తే ఒడ్డుకు ఎదురీదకుండా పక్కకు ఈదాలి. కారును ఇసుక మీదికి దింపొద్దు, ఫొటో కోసమైనా సరే. చక్రం తిరిగినకొద్దీ దిగుతది, పోటు వస్తే నీళ్లు డోరు దాకా వస్తయి. బందరు దగ్గర మంగినపూడిలో అయితే ఇసుక కాదు, నల్ల మట్టి. అక్కడ ఇంకా జాగ్రత్త.

కానీ బిడ్డా, నాకు నిద్ర పట్టనిది సముద్రం గురించి కాదు. సముద్రాన్ని చూస్తే ఎవరైనా జంకుతరు. రోడ్డు పక్కన చప్పుడు చేయకుండా పారే కాల్వను ఎవరూ లెక్కచేయరు. డెల్టాలో ఎటు పోయినా పక్కన కాల్వే, చాలాచోట్ల గోడ ఉండదు, రాయి ఉండదు.

నీకు రెండేళ్లు నిండని ఏట మీ నాయన ఒక పాత అంబాసిడర్ కొన్నడు. మాఘ పున్నమికి హంసలదీవి పోదామన్నడు. అప్పుడు పెనుమూడి వంతెన లేదు, విజయవాడ మీది నుంచి చుట్టు తిరిగి పోవాలి. నేను, మీ పెద్దమ్మ, మీ అమ్మానాయన, నువ్వు. పొద్దంతా సంబరమే. నువ్వు ఇసుకలో నుంచి లేవనని ఏడ్చినవు. తిరిగి వచ్చేటప్పుడు తిరునాళ్ల బండ్లన్నీ ఒక్కసారే రోడ్డెక్కినయి, గంటసేపు కదల్లేదు. చల్లపల్లి ఇవతల ఎవరో ఒకాయన, కాల్వ కట్ట మీదుగా పోతే ముందు ఊళ్లో రోడ్డెక్కొచ్చు అని చెప్పిండు. మీ నాయనకు ఓపిక అయిపోయింది. స్టీరింగు నాకియ్యి అన్నా, "అన్నా, నేను తోలుతలేనా?" అన్నడు. కొత్తగా బండి కొన్నోడి పౌరుషం, నేను ఊకున్న.

కట్ట మీద బండి పట్టేంతే దారి. ఎడమన పొలం, కుడిన కాల్వ. సగం దూరం పోయినంక ఎదురుగా గడ్డి వేసుకొని ట్రాక్టరు వచ్చింది. అతను దిగి, వెనక్కి తీసుకోండి బాబూ, నాకు ట్రాలీ ఉన్నది, వెనక్కి రాదు అన్నడు. అతను చెప్పింది నిజమే. మీ నాయన రివర్సు వేసిండు. వెనక లైటు గుడ్డి దీపం. అద్దంలో చూస్తే రోడ్డు నలుపు, నీళ్లూ నలుపే. నేను దిగుతా ఆగు అనేలోపే వెనక చక్రం కట్ట అంచు మీదికి పోయింది. ఆ అంచు చూడడానికి గట్టిగనే ఉంటది, లోపల ఎలుకలు, ఎండ్రకాయలు తవ్వి గుల్ల చేస్తయి. మట్టి జారింది. బండి వెనక భాగం దిగబడి పక్కకు ఒరిగింది. కింద తాటి మొద్దు ఒకటి ఉండబట్టి అక్కడ ఆగింది. మొద్దు లేకుంటే ఈ ఉత్తరం లేదు.

ఇంజను ఆగిపోయింది. కాల్వ తలుపు వైపే మీ అమ్మ, ఆమె ఒళ్లో నువ్వు నిద్రలో. తలుపు తీస్తే బండి ఊగుతదని ఎవరూ కదలొద్దన్న. నేను పొలం వైపు కిటికీలో నుంచి బయటపడి, నిన్ను ఆ కిటికీలో నుంచే అందుకున్న. నీ గుప్పిట్లో ఇసుక ఇంకా ఉన్నది, నా మెడ మీద రాలింది. తర్వాత మీ అమ్మ, మీ పెద్దమ్మ. ఆఖరున మీ నాయన. దిగినంక ఆయన అట్లనే కట్ట మీద కూలబడ్డడు. ఊరోళ్లు వచ్చి, ఆ గడ్డి ట్రాక్టరుకే తాడు కట్టి గుంజితే బండి పైకొచ్చింది. ఒక్క పైసా తీసుకోలేదు వాళ్లు. పిల్లకు పాలు కాచి ఇచ్చిండ్రు.

ఆ అంబాసిడర్ ఆ నెలలోనే అమ్మేసిండు. ఇప్పటికీ మీ నాయన సాగర్ ఎడమ కాల్వ పక్క తొవ్వ పట్టడు, చుట్టు తిరిగి పోతడు, నువ్వు గమనించి ఉంటవు. నీకు వద్దు అంటే అది నీ మీద నమ్మకం లేక కాదు. ఆయన కళ్ల ముందు ఆ కిటికీ ఉన్నది. అలిగి మాట్లాడకుండా ఉండుడేంది బిడ్డా, ఇవాళే పోయి ఆయన పక్కన కూచో.

ఇప్పుడు నేను చెప్పేది ముగ్గురికీ చదివి వినిపించు. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారి అని రొయ్యల చెరువుల గట్ల మీదికి, కాల్వ కట్టల మీదికి తీసుకుపోతది. దానికి దూరమే తెలుసు, వెడల్పు తెలియదు. రెండు బండ్లు పక్కపక్కన పట్టని దారి అనిపిస్తే మొదట్లోనే ఆగి, మనిషిని అడుగు. పొద్దుగూకినంక కట్ట రోడ్డు వద్దే వద్దు, ఎంత ఆలస్యమైనా సరే. పగలు ఎదురుబండి వచ్చి ఇరుక్కుంటే హ్యాండ్ బ్రేకు వేసి అందరూ దిగండి. వెనక్కి తీయక తప్పదంటే ఒకరు కాల్వ వైపు అంచున నడుస్తూ చెయ్యి చూపాలి, నువ్వు ఆ మనిషిని చూస్తూ తీయాలి. ఆ మనిషి కనబడకుంటే ఆగిపోవాలి. కాల్వ పక్కన పోయినంతసేపు అద్దాలు దించి ఉంచండి, ఏసీ లేకుంటే చావరు. ఒకవేళ, దేవుడు అట్ల చేయకూడదు, బండి నీళ్లలో పడితే తలుపుతో కొట్లాడకండి. నీళ్ల బరువుకు అది రాదు. బెల్టు విప్పుడు, కిటికీ దించుడు, బయటికి దూకుడు. మొదటి కొద్ది క్షణాల్లోనే కావాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తె ఒకటి చేతికి అందే చోట పెట్టుకో, డిక్కీలో కాదు.

వచ్చేటప్పుడు బందరు నుంచి సులువు. అక్కడ మొదలయ్యే 65 నంబరు రోడ్డే విజయవాడ, కోదాడ, సూర్యాపేట మీదుగా మన నకిరేకల్‌కు వస్తది. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. సాయంత్రం దాకా ఆగితే పడమటి ఎండ కళ్లల్లో కొడతది. తొక్కుడు లడ్డు మీ నాయనకు తెచ్చిపెట్టు, ఇష్టంగా తింటడు. ఇంటికి రాంగనే బండి కింద మంచినీళ్లతో కడిగించు, ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడతది.

రోజూ పొద్దుగూకేసరికి ఫోను చేసి ఎక్కడ దిగినవో మీ నాయనకు చెప్పు. నాకు తర్వాత చెప్పినా ఫరవాలేదు.

శనివారం పొద్దున కారు తీసుకొని మా ఇంటికి రా. స్టెప్నీ మార్చుడు నీకు వచ్చో రాదో చూస్తా. జాకీ నువ్వే పెట్టాలి, పాన నువ్వే తిప్పాలి, నేను ముట్టను. అయినంక మన చెరువు కట్ట మీద వంద గజాలు వెనక్కి తీయిస్తా, నేనే అంచున నడుస్తా. మీ పెద్దమ్మ మీ ముగ్గురి కోసం సకినాలు డబ్బాకు ఎత్తిపెట్టింది, అవి కూడా తీసుకుపోదువు. మీ నాయనను కూడా వెంట తీసుకురా.

మీ పెద్దనాయన