ఏడు పొరలూ వచ్చు, ఇంటర్వ్యూలో మాట రాలేదు

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరలు గడగడా చెప్పేశాను. ‘స్విచ్‌కీ రౌటర్‌కీ తేడా ఏంటి? సిస్టమ్ ఐపీ 169.254తో మొదలైతే ఏమనుకోవాలి?’ అని అడిగేసరికి నోరు పెగల్లేదు. బెంగళూరు వెళ్లి సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్ తీసుకోమంటున్నారు. నాన్న అప్పు చేస్తానంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, అప్పు సంగతి కాసేపు పక్కన పెట్టు. నీకు పదాలు వచ్చు, వాటి పని చూసే అవకాశం రాలేదు, అంతే.

మీ పిన్‌కోడ్ 516360. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవాళ్లకి మీ ఇంటి నంబరుతో పని లేదు. 516 చూసి కడప వైపు పంపేస్తారు. రౌటర్ చేసేది అదే. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో సిస్టమ్ చిరునామా. అందులో నెట్‌వర్క్ భాగం చూసి ఏ దారిన పంపాలో తేలుస్తుంది. ఉత్తరం మీ వీధికి చేరాక ఏ గుమ్మంలో వేయాలో పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. స్విచ్ ఆ పోస్ట్‌మ్యాన్ లాంటిది. అది చూసేది మ్యాక్ అడ్రస్‌ని, అంటే పరికరానికి తయారీలోనే ఇచ్చిన నంబరుని. ఊరు మారితే పిన్‌కోడ్ మారుతుంది, మనిషి పేరు మారదు కదా. ఐపీకీ మ్యాక్‌కీ తేడా కూడా అంతే.

ఇక 169.254. సిస్టమ్‌కి ఐపీ ఇవ్వాల్సింది డీహెచ్‌సీపీ, అంటే నెట్‌వర్క్‌లో చేరినవాటికి ఐపీలు పంచే ఏర్పాటు. అడిగినా జవాబు రాకపోతే విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యే నంబరు పెట్టుకుంటుంది. ఇలాంటప్పుడు ‘ఇంటర్నెట్ పోయింది’ అనకూడదు. కేబుల్ సరిగ్గా ఉందా, డీహెచ్‌సీపీ ఇచ్చే రౌటర్ పనిచేస్తోందా అని వరుసగా చూడాలి. వాళ్లు నీ నుంచి ఆశించింది ఈ వరుసే.

ఓఎస్ఐ నమూనాను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1984లో ప్రకటించింది. తప్పు ఏ పొరలో ఉందో వెతకడానికి అది చాలా మంచి పటం. కానీ ఇంటర్నెట్ నడిచేది టీసీపీ ఐపీ అనే నియమాల మీద. ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ 1983 జనవరి 1న దానికి మారింది. ఒక కంపెనీ ల్యాప్‌టాప్ ఇంకో కంపెనీ రౌటర్‌తో మాట్లాడుతోందంటే, ఇద్దరూ ఒకే ప్రమాణం పాటించబట్టే. వైర్‌కి ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన 802.3, వైఫైకి 802.11. ఈ రెండు నంబర్లు మాత్రం గుర్తుంచుకో.

టీసీపీ అందినట్టు రసీదు తీసుకుంటుంది, తప్పిపోయిన ముక్కను మళ్లీ పంపుతుంది. డేటా పంపే ఇంకో పద్ధతి యూడీపీ ఆ పని పెట్టుకోదు. వీడియో కాల్‌లో ఆలస్యంగా వచ్చిన మాట ఎవరికీ పనికిరాదు, అందుకే అక్కడ యూడీపీ ఎక్కువ.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, దించుకో. రెండు స్విచ్‌లు పెట్టి, ఒకవైపు సిస్టమ్‌లకి 192.168.10, రెండోవైపు 192.168.20 తో మొదలయ్యే ఐపీలు ఇవ్వు. ఒకే వైపున్న సిస్టమ్‌ల మధ్య పింగ్ (అందుతోందా అని పంపే చిన్న పరీక్ష సందేశం) వెళ్తుంది, అటు నుంచి ఇటు వెళ్లదు. ఎందుకు వెళ్లలేదో నువ్వే కనుక్కో. మధ్యలో రౌటర్ పెట్టు, డిఫాల్ట్ గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే రౌటర్ అడ్రస్, ఇవ్వు. పింగ్ వెళ్లిన ఆ క్షణం పది పేజీలు చదివినదానికంటే ఎక్కువ నేర్పుతుంది. తర్వాత గేట్‌వే కావాలనే తప్పుగా ఇచ్చి, ఏం ఆగిపోయిందో రాసుకో. కాలేజీ ల్యాబ్‌లో ఒక కేబుల్‌కి నువ్వే క్రింపింగ్ చెయ్యి, అంటే చివర కనెక్టర్ బిగించు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ, లోపలి తీగలకి ఇదీ వరుస. సపోర్ట్ ఉద్యోగంలో మొదట చేతికొచ్చేది ఈ పనే కావచ్చు.

సీసీఎన్ఏ పరీక్ష రాయడానికి కోచింగ్‌లో చేరి తీరాలన్న నియమం లేదు. రెండు నెలలు రోజూ గంట ఇలా చెయ్యి. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడదీయడం) లెక్కలు కాగితం మీద చెయ్యి, /26 అనే సైజు ముక్కలో 62 హోస్ట్‌లకే (సిస్టమ్‌లకే) చోటు ఎందుకో చెప్పగలిగే దాకా. అప్పటికీ అర్థం కానివి మిగిలితే, అవేంటో రాసుకుని, వాటికోసమే కోచింగ్ వెతుకుదాం. అప్పటిదాకా నాన్నగారిని అప్పు చేయొద్దని చెప్పు.