రాసిపెట్టేవారు, చదివిపెట్టేవారు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో ముప్పై రెండేళ్ళు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి 2004లో పదవీ విరమణ చేశాను. ఆ రోజుల్లో ఊళ్ళో సగం ఇళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టిందీ, వచ్చినవి చదివిపెట్టిందీ నేనే. మనియార్డరు వస్తే వేలిముద్ర పక్కన సాక్షి సంతకం కూడా నాదే. ఇప్పుడు విజయవాడలో కొడుకు దగ్గర ఉంటున్నాను. పాలబ్బాయి చిల్లర లేదంటాడు. ఆకుకూరల బండికి కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. కోడలు నా ఫోనులో యాప్ వేసి ఇచ్చింది గాని, ప్రతిసారీ ఇంటర్ చదివే మనవణ్ణి పిలవాల్సివస్తోంది. వాడు "ఇలా ఇవ్వండి తాతయ్యా" అంటూ ఫోను అందుకుని రెండు క్షణాల్లో పని కానిచ్చేస్తాడు. ఏం చేశాడో నాకు తెలియదు. ఊరికంతటికీ అక్షరమై నిలిచినవాణ్ణి, ఇవాళ నేనే నిరక్షరాస్యుణ్ణయ్యానా అనిపిస్తోంది. ఈ వయసులో ఇది నేర్చుకోవడం సాధ్యమేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

సమాధానం: సాధ్యమే మాస్టారూ. అయితే ఎలా అన్నది చెప్పే ముందు, మీ అరుగు మీదికి కార్డు ముక్క పట్టుకుని వచ్చినవాళ్ళను ఒక్కసారి గుర్తు చేసుకోండి. వాళ్ళు చెప్పేవారు, మీరు రాసేవారు. రాయడం అయ్యాక వాళ్ళు వెంటనే లేచి వెళ్ళేవారు కారు. "ఏం రాశారో ఒకసారి చదివి వినిపించండి" అని అడిగేవారు. మీరు వినిపించేవారు. "చిన్నదాని దగ్గు సంగతి రాయలేదు" అని వాళ్ళు గుర్తు చేస్తే, కార్డు అంచున సందు చూసుకుని ఆ మాట ఇరికించేవారు. అలా చదివి వినిపించడం వల్లనే మీ చేతిరాతలో ఉన్నా అది వాళ్ళ ఉత్తరం అయ్యేది. మీ మనవడు చేయనిది సరిగ్గా ఈ పనే. కుర్రవాడికి మీ మీద అలక్ష్యమేమీ ఉండి ఉండదు. తనకు కంటిచూపు తగలగానే అర్థమయ్యే తెర ఇంకొకరికి అర్థం కాకుండా ఉండవచ్చునన్న ఊహ ఆ వయసులో రాదు, అంతే.

కాబట్టి ఈసారి ఫోను ఇవ్వకండి. ఫోను మీ చేతిలోనే ఉంటుంది, వేలు మీదే కదులుతుంది, అతడు పక్కన కూర్చుని చెబుతాడు. పాతకాలపు ఉత్తరానికి ఒక వరస ఉండేదని మీకు నేను చెప్పనక్కరలేదు. పైన శ్రీరామ, తరవాత "మహారాజశ్రీ" గారికి నమస్కరించి వ్రాయునది, ఉభయ కుశలోపరి, ఆ తరవాత అసలు సంగతి, చివర పేరు పేరునా అడిగినట్లు చెప్పమనడం, ఇట్లు. అక్షరం రానివాళ్ళకు కూడా ఈ వరస నోటికి వచ్చు గనుకనే రాసేవాడు ఏదైనా మింగేస్తే పట్టుకోగలిగేవారు. డబ్బు పంపే యాప్‌కు కూడా అటువంటి వరసే ఉంది. కోడ్ మీద కెమెరా పెట్టడం, తెర మీద వచ్చిన పేరు దుకాణదారుడిదో కాదో చూసుకోవడం, మొత్తం వేయడం, పిన్ నొక్కడం, చెల్లింపు పూర్తయిందన్న గుర్తు కనబడేదాకా ఆగడం. యాప్ మారితే రంగులు మారుతాయి గాని ఈ వరస మారదు. దీన్ని మీ దస్తూరీతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పిన్ మాత్రం అందులో రాయకండి. రోజుకొకసారి కోడలికి ఒక్క రూపాయి పంపి సాధన చేయండి. పొరపాటు జరిగినా పోయేది రూపాయే, అదీ ఇంట్లోకే.

ఇక్కడ పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ఒక తేడా ఉంది. రాసిపెట్టిన మీకు ఊళ్ళో అప్పులూ అలకలూ అన్నీ తెలిసేవి, మీరు కడుపులో దాచుకునేవారు. ఇప్పుడు పిన్ విషయంలో ఆ నమ్మకం మీద నడవకూడదు. నాలుగో ఆరో అంకెలున్న ఆ సంఖ్య మనవడికి కూడా చెప్పకుండా మీరే నొక్కండి. పిన్ అవసరమయ్యేది మన డబ్బు బయటికి వెళ్ళేటప్పుడు, లేదా ఖాతాలో ఎంతుందో చూసుకునేటప్పుడు. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు. "మీకు రీఫండు వచ్చింది, పిన్ కొడితే జమ అవుతుంది" అని ఎవరైనా ఫోను చేస్తే, ఎంత మర్యాదగా మాట్లాడినా వాడు దొంగే. పింఛను పడే ఖాతాను యాప్‌కు తగిలించకుండా, రెండు మూడు వేలు మాత్రమే ఉంచే వేరొక ఖాతాను తగిలించుకుంటే మనసు ఇంకా నిబ్బరంగా ఉంటుంది. అంతా చేశాక కూడా మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

నిరక్షరాస్యుణ్ణయ్యానా అని బాధపడ్డారు. యూపీఐ పుట్టింది 2016 ఏప్రిల్‌లో, అంటే మీరు పదవీ విరమణ చేసిన పన్నెండేళ్ళకు. మీరు బడిలో ఉండగా లేని లిపి మీకు రాకపోవడం తప్పెలా అవుతుంది? పైగా పాత సౌకర్యానికి ఖరీదు కూడా తక్కువేమీ కాదు. మనియార్డరుకు వందకు ఐదు రూపాయలు కమిషన్ కట్టి, ఫారం అడుగున ఉన్న చిన్న జాగాలో నాలుగు ముక్కలు రాసి పంపితే, పోస్టుమాను ఇంటికి వచ్చి నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, ఆ ముక్కను చించి చేతిలో పెట్టేవాడు. ఆ పాత మనియార్డరు 2015లో ఆగిపోయింది. వేలిముద్ర మాత్రం పోలేదు. 2018లో మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ద్వారా ఇవాళ పోస్టుమాను చిన్న యంత్రం పట్టుకుని గడపలోకే వస్తాడు. ఆధార్ సంఖ్య చెప్పి వేలు పెడితే ఖాతాలోని డబ్బు ఇస్తాడు. తమాషా ఏమిటంటే, మట్టిలోనూ సున్నంలోనూ పనిచేసి గీతలు అరిగిపోయిన వేళ్ళను ఆ యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. సిరా పూసి కాగితం మీద అద్దించుకున్న రోజుల్లో ఆ చిక్కు లేదు, పక్కన మీ సాక్షి సంతకం ఉండేది.

ప్రశ్న: మా నానమ్మ ఫోనులో అరిచి మాట్లాడుతుంది. రెండు నిమిషాలు కాగానే "డబ్బులు అయిపోతాయి, పెట్టేయ్ తల్లీ" అంటుంది. అపరిమిత కాల్స్ ఉన్నాయని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. నాతో మాట్లాడటం ఇష్టం లేదేమోనని ఒక్కోసారి బాధేస్తుంది. పాతరోజుల్లో ఫోను అంత కష్టమైన పనా?
— డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

సమాధానం: కష్టమే. వేరే ఊరికి ఫోను చేయాలంటే 180కి తిప్పి ట్రంకుకాల్ బుక్ చేసి, లైను కలిసిందని ఎక్స్ఛేంజి నుంచి గంట మోగేదాకా ఇంట్లో ఎవరో ఒకరు దాని దగ్గరే కూర్చోవలసి వచ్చేది. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని మూడు తరగతులు ఉండేవి. తొందర ఎక్కువైనకొద్దీ ఖరీదు పెరిగేది. ఫలానా మనిషే కావాలంటే పీపీ కాల్ అని ముందే చెప్పాలి. తీరా లైను కలిశాక అవతలి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించేది, అందుకే అరవడం. మూడు నిమిషాలకు ఒక లెక్క గనుక, ఆ గడువు ముగియగానే ఆపరేటరు మధ్యలో వచ్చి పొడిగించాలా అని అడిగేది.

ఆపరేటరు లేకుండా నేరుగా నంబరు తిప్పే ఎస్టీడీ మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. పల్లెలకు దాని వెలుగు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన చిన్న ఎక్స్ఛేంజీలు ఏసీ గదుల అవసరం లేకుండా పనిచేయడం వల్లనే పెద్ద ఊళ్ళు దాటి టెలిఫోను లోపలికి రాగలిగింది. ఆ తరవాత వీధి మూలల్లో పసుపు రంగు ఎస్టీడీ బూత్ బోర్డులు వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుందని అప్పటిదాకా మేలుకుని, అద్దాల గదిలో దూరి, ఎదురుగా ఎర్ర అంకెలు పరుగెడుతుంటే వాటిని చూస్తూ మాట్లాడటం మీ నాన్నగారి తరానికి బాగా తెలుసు. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. తొలి రోజుల్లో మనం చేసిన కాల్‌కే కాదు, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు పోయేది. వచ్చే కాల్స్‌కు ఆ బాధ తప్పింది 2003లో. "చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వు" అన్న మాట మన ఇళ్ళలో పుట్టింది ఇటువంటి లెక్కల్లోంచే.

ఇప్పుడు మీ నానమ్మగారి మాటను మళ్ళీ వినండి. పెట్టేయమనడం ఆవిడ దృష్టిలో ప్రేమే: మనవరాలి డబ్బు ఖర్చు కాకూడదు. టారిఫ్‌ల గురించి వాదించి ఒప్పించాలని చూడకండి, అలవాటు లెక్కలకు లొంగదు. వీడియో కాల్ చేసి, ఫోను ఎక్కడైనా ఆనించి పెట్టి, మీరు అన్నం వండుకుంటూనో బట్టలు మడతపెట్టుకుంటూనో ఉండండి. ఎసట్లో నీళ్ళు ఎక్కువ పోశావని ఆవిడే అందుకుంటారు. మాట కోసం చేసిన కాల్‌లో ఆవిడకు గడియారం గుర్తొస్తుంది, వంటింట్లో కూర్చున్నట్టున్న కాల్‌లో గుర్తుకు రాదు.

ప్రశ్న: టెలిగ్రాం వస్తే చదవకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవని మా తాతయ్య అంటారు. మాకు టెలిగ్రామ్ అంటే ఫోనులోని యాప్. ఆయన చెప్పేది నిజమేనా?
— ఇంటర్ విద్యార్థి, వరంగల్లు

సమాధానం: నిజమే. మాటకింత అని రుసుము పడేది గనుక మామూలు కబుర్లు ఎవరూ టెలిగ్రాంలో పంపేవారు కారు. ఉద్యోగం వచ్చిందనో బిడ్డ పుట్టిందనో వచ్చినవీ ఉండేవి గాని, ఊళ్ళో జనానికి గుర్తుండిపోయినవి "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" వంటివే. పైగా అది ఇంగ్లీషులో వచ్చేది. చదవగలిగిన మాస్టారో కరణమో దొరికేదాకా అందులో ఏముందో తెలియదు, ఆ మధ్యలో భయం ఆగదు. మొదటి ప్రశ్న వేసిన మాస్టారు ఇటువంటి కాగితాలు ఎన్ని విప్పి ఉంటారో! మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలై 14 రాత్రితో ముగిసింది. మీ ఫోనులో ఉన్న యాప్ విడుదలైంది అదే ఏడాది ఆగస్టు 14న, సరిగ్గా నెల తరవాత. పేరు కలవడం కాకతాళీయం.

ప్రశ్న: మావారు 1989లో దుబాయి వెళ్ళారు. నాకు చదువు రాదు గనుక, ఉత్తరాలకు బదులు క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఆయన ఇప్పుడు లేరు. పద్నాలుగు క్యాసెట్లు ట్రంకుపెట్టెలో ఉన్నాయి, టేప్‌రికార్డరు పాడైంది. వాటిని ఫోనులోకి ఎక్కించుకోవచ్చునా? ఈ ఉత్తరం నా కొడుకు చేత రాయిస్తున్నాను.
— ఒక గృహిణి, జగిత్యాల జిల్లా

సమాధానం: ఎక్కించుకోవచ్చు అమ్మా, తొందర మాత్రం పడవద్దు. ముందు ప్రతి క్యాసెట్టు పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయించండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా మీవారి గొంతు చెరిగిపోతుందన్న భయం మీకు ఉండదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్టును అసలు తిప్పవద్దు, తెలిసినవాళ్ళకు చూపించాలి. టేప్‌రికార్డరులో సాధారణంగా పోయేది రబ్బరు బెల్టు. పాత రేడియోలు బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ అది మార్చగలరు. టేపును తాకి శబ్దాన్ని చదివే హెడ్డును దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. బాగుచేశాక ముందు ఏదో ఒక పాత పాటల క్యాసెట్టు వేసి చూడండి. అది నలగకుండా తిరిగితేనే మీవి పెట్టండి. ఏళ్ళ తరబడి కదలని టేపు బిగుసుకుని ఉంటుంది గనుక, వినే ముందు ఒకసారి చివరిదాకా, మళ్ళీ మొదటిదాకా చుట్టించాలి.

ఆ తరవాత పని సులువే. టేప్‌రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో రికార్డు చేయాలి. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు అరగంట, ఆ అరగంటా పట్టవలసిందే. ముందు నాణ్యత తగ్గని వేవ్ ఫైలుగా దాచి, ఫోను కోసం దానినుంచి ఎంపీ3 తీసుకుంటే మంచిది. ఫైళ్ళు వచ్చాయి కదా అని క్యాసెట్లు పారేయకండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఉత్తరమైతే రాసేచోట ఒకరు, చదివేచోట ఒకరు మధ్యలో ఉండేవారు. ఎవరి కంటా పడకుండా మీ ఇద్దరి మధ్యే నడిచిన ఉత్తరాలు ఈ క్యాసెట్లే. వాటిని దుకాణంలో ఇచ్చి ఎక్కించుకుంటే అవతలివాళ్ళు వింటారేమోనన్న సంకోచం మీకు ఉండి ఉంటే అందులో తప్పు లేదు. ఇంట్లోనే చేయించండి. వైరు కలిపి మీట నొక్కడం వరకు మీ అబ్బాయి చేస్తాడు. రికార్డవుతున్నంతసేపూ స్పీకరు ఆపి ఉంచవచ్చు. శబ్దం ఎక్కుతోందనడానికి తెర మీద గీత కదులుతుంటే చాలు, మధ్యలో ఎవరూ వినవలసిన పని లేదు.